సోనాగారి పాటలో రెండో గొంతు

పాట వినిపించగానే ముసలాయన ఏడ్చాడు, పోయిన జ్ఞాపకం తిరిగొచ్చింది, పక్కనున్న భార్యను గుర్తుపట్టి కౌగిలించుకున్నాడు. మా తెలుగు చర్చిలో శాంతక్క ఈ సంగతిని ఇలాగే చెబుతుంది. ఒకసారి సాక్ష్యంగా మైకులో కూడా చెప్పింది. ఆమెకు చెప్పింది ఆమె ఆఫీసులోనే పనిచేసే లేలా, అంటే ఆ ముసలాయన కన్నకూతురు. కాబట్టి కథ నమ్మదగిన చోటి నుంచే బయల్దేరింది. దారిలో పాడైంది.

ఆ గదిలో నేనున్నాను. ఆయన జ్ఞాపకం ఎక్కడికీ పోలేదు, తిరిగి రావడానికి. భార్యను ఆయన ఒక్క పూట కూడా మరచిపోలేదు. ఏడ్చిన మాట మాత్రం నిజం. అయితే ఆయన ఏడుస్తున్నప్పుడు అక్కడ ఎవరూ ఎవరినీ కౌగిలించుకోలేదు. భార్య హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని, కుర్చీ వెనక్కి తోసి, బయటికి వెళ్ళిపోయింది.

ఆరాధన అయ్యాక పార్కింగ్ లాట్‌లో శాంతక్కను నిలదీశాను.

"నువ్వు మరీ కరుణా! అద్భుతం అంటే నీకొచ్చిన నష్టం ఏంటే? వినేవాళ్ళకి విశ్వాసం పెరుగుతుంది కదా."

"దేవుడు చేసినవి బోలెడున్నాయి కదక్కా, అవి చెప్పు. ఇది నా డ్యూటీ టైమ్‌లో జరిగింది."

"అబ్బో, డాక్టరమ్మగారికి క్రెడిట్ కావాలంట!"

క్రెడిట్ సంగతి అటుంచితే, ఆమె చెప్పే కథలో అసలు మనిషే లేదు. ఆ అసలు మనిషి పేరు సోనా. పేర్లన్నీ మార్చే రాస్తున్నాను.

అది 2022 వేసవి. వర్జీనియాలో ఆష్‌బర్న్ పక్కన, ఒక డెంటిస్టుకూ పిల్లల కరాటే క్లాసుకూ మధ్య మా క్లినిక్. నేను ఆడియాలజిస్టుని. వినికిడి పరీక్షించి, హియరింగ్ ఎయిడ్లు అమర్చి, వాటిని ఆ మనిషి చెవికి తగ్గట్టు కంప్యూటర్లో సరిచేయడం నా పని. చెవి డాక్టరు వేరు, నేను వేరని ఎన్నేళ్ళు చెప్పినా మా బంధువులు ఇప్పటికీ చెవిలో గుబిలి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపుతూనే ఉంటారు.

మాస్కులు తీసేసిన మొదటి వేసవి కావడంతో క్లినిక్ కిటకిటలాడుతుండేది. మాస్కులున్న రోజుల్లో ఎదుటివాళ్ళ పెదవులు కనబడక, తమకు చెవుడు ఉందని అప్పుడే తెలిసొచ్చినవాళ్ళు వాళ్ళంతా. అంతకుముందు కళ్ళతో వింటూ నెట్టుకొచ్చారు. రఫీక్ గారు అలా వచ్చినవారే. సొంతదేశం అజర్‌బైజాన్. బాకూ దగ్గర చమురు బావుల్లో పంపుల హోరు మధ్య పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత భార్య సోనాతో సహా కూతురి ఇంటికి వచ్చి ఉండిపోయారు. డెబ్భై దాటినా నిటారుగా కూర్చునే మనిషి, ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. వినికిడి పరీక్షలో మేము కొన్ని మాటలు చెప్పి తిరిగి పలకమంటాం. బేస్‌బాల్, హాట్‌డాగ్, ఐస్‌క్రీమ్, కౌబాయ్ లాంటివి. అన్నీ పలికి, హెడ్‌ఫోన్స్ తీసి, ఆయన కూతుర్ని ఏదో అడిగారు. లేలా నవ్వాపుకుంటూ చెప్పింది: "ఈ దేశంలో ఆటా తిండీ తప్ప ఇంకేం మాటలు లేవా అంటున్నారు."

ఆయనకు చెవి వెనక తగిలించే రకం ఎయిడ్లు పెట్టాను. అన్నీ కొలతల ప్రకారమే కుదిరాయి. మనవడి మాటలు వినబడుతున్నాయని, ఫ్రిజ్ ఇంత చప్పుడు చేస్తుందని తెలియదని, మొదటి వారం ఫోన్‌లో సంబరంగా చెప్పారు. నెల తిరక్కుండా ముగ్గురూ మళ్ళీ వచ్చారు. సోనాగారు ఆయనకు దూరంగా, తలుపు పక్క కుర్చీలో కూర్చున్నారు. అంతకుముందు రెండుసార్లు వచ్చినప్పుడు ఫ్లాస్కులో టీ, చిన్న సీసాలో చెర్రీ జామ్ తెచ్చి, "తాగు కూతురా" అంటూ నా బల్ల మీద పెట్టిన మనిషి. ఈసారి ఒట్టి చేతులతో వచ్చారు.

లేలా సూటిగా విషయానికి వచ్చింది. "డాక్టర్ కరుణా, డాడ్‌కి హియరింగ్ ఓకే కదా? అది మీరు కన్ఫర్మ్ చేస్తే చాలు. మెమరీ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను."

"మెమరీ క్లినిక్ ఎందుకు?"

"మమ్మీ పాడుతుంటే ఇద్దరు ఆడవాళ్ళు పాడుతున్నారంటున్నారు. ఇద్దరిలో ఒక్కరూ మమ్మీ కాదట."

రఫీక్ గారు బల్ల మీద అరచేత్తో కొట్టారు. "నా తల బాగానే ఉంది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను."

"మరి మమ్మీ సంగతి?" లేలా గొంతు తగ్గించింది. "బాకూలో పిన్ని దగ్గరికి వెళ్ళిపోతానంటోంది. వన్ వే టికెట్. నెక్స్ట్ వీక్."

అప్పుడు సంగతి ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. వాళ్ళ చిన్నప్పటి తెలుపు నలుపు హాస్య సినిమాలో ఒక పాట. పెళ్ళిచూపులకని బయల్దేరిన కుర్రాడు తప్పు మెట్లెక్కి పక్కింటికి వెళతాడు, అక్కడ సమోవార్ అనే టీ పాత్రలో నీళ్ళు కాస్తున్న పిల్ల పాడుతుంటుంది. అంతే కథ. మిగతాదంతా తలుపులు తీయడం, వేయడం, దొరికిపోవడం. ఆ సినిమా చూసి వస్తూ బస్సులో ఒక అమ్మాయి ఆ పాట కూనిరాగం తీస్తుంటే, వెనక సీట్లో కుర్రాడు ముందుకు వంగి, "ఇది ఆ పాట కాదు" అన్నాడట. అదే పాట అని అమ్మాయి. రెండో లైను తప్పు పాడావని అబ్బాయి. ఎవరిది రైటో తేల్చుకోవడానికి మర్నాడు ఇద్దరూ అదే సినిమాకి మళ్ళీ వెళ్ళారు. తేలలేదు. పెళ్ళయింది. అప్పటి నుంచి సోనాగారు టీ పెట్టేటప్పుడల్లా అదే పాట, అదే రెండో లైను. ఆయన ప్రతిసారీ తప్పనడం, ఆవిడ ఇంకాస్త గట్టిగా పాడడం. ఆ ఇంట్లో ముద్దూ ముచ్చటా అంతా అందులోనే ఉండేదని నాకు అనిపించింది.

హియరింగ్ ఎయిడ్లు పెట్టుకున్న వారానికి ఆవిడ టీ పెడుతూ పాట అందుకుంటే, ఆయన ముఖం చిట్లించి చెవుల మీద చేతులు పెట్టుకున్నారు. "ఆపు. ఇది ఆ పాట కాదు." ఈసారి నవ్వు లేదు. మూడు రోజులు వరసగా అదే జరిగింది. నాలుగో రోజు నుంచి ఆవిడ పాడటం మానేశారు. తర్వాత మాట్లాడటం కూడా.

"మీకోటి చూపిస్తాను," అని లేలా ఫోన్ తీసింది. అసలు సినిమాలోని పాటను ఫోన్ నుంచి నేరుగా నాన్న ఎయిడ్లలోకి పంపింది. దీన్ని స్ట్రీమింగ్ అంటాం. ఈ రోజుల్లో ఎయిడ్లు ఇయర్‌ఫోన్లలా కూడా పనిచేస్తాయి. గదిలో మాకెవరికీ ఏమీ వినబడలేదు. ఆయనకొక్కరికే వినబడింది. ఆయన ముఖం కరిగిపోయింది. కళ్ళు మూసుకున్నారు. వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తున్నాయి, బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. "ఇది," అన్నారు. "ఇది ఆ పాట."

శాంతక్క కథ ఇక్కడ అయిపోతుంది, స్తోత్రం అని.

నేను చూసింది సోనాగారి ముఖం. భర్త చెవుల్లో వేరే ఆడదాని గొంతు. ఆ గొంతు విని ఆయన ఏడుస్తున్నాడు. తన గొంతు వింటే చెవులు మూసుకున్నాడు. ఆ పాట పాడిన గాయని ఎప్పుడో పోయింది. అయినా సవతి సవతే. "ఆయ్ కిషీ," అన్నారావిడ. ఓ మనిషీ అని అర్థం. ఆవిడ భర్తను పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. మనవాళ్ళ "ఏమండీ" లాంటి పిలుపే. కానీ ఆ రోజు ఆ పిలుపు నిజంగా ఎవరో దారిన పోయే మనిషిని పిలిచినట్టే ఉంది. ఆ తర్వాత చెప్పానుగా, హ్యాండ్‌బ్యాగ్, కుర్చీ, తలుపు.

"చూశారా!" లేలా నా మీదికి వచ్చింది. "సినిమా పాట కరెక్ట్‌గా వినబడుతోంది. మమ్మీ పాడితేనే ప్రాబ్లం. అంటే ఇయర్స్ కాదు, బ్రెయిన్. లేదా డాడ్ కావాలని హర్ట్ చేస్తున్నారు."

"మూడోది కూడా ఉంది," అన్నాను. "నా మెషిన్."

మామూలుగా నేను ఇంత తొందరగా మా వస్తువుల మీద నేరం మోపను. కానీ లేలా చేసిన పనిలోనే జవాబుంది. ఫోన్ నుంచి పాట పంపినప్పుడు ఎయిడ్‌లోని మైకు దాదాపు పక్కకు తప్పుకుంటుంది. సోనాగారి పాట మాత్రం మైకులోంచే పోవాలి. మైకు దారిలో ఒక కాపలాదారుడుంటాడు, పేరు ఫీడ్‌బ్యాక్ మేనేజర్. చర్చిలో మైకు స్పీకరుకు దగ్గరగా పోతే కీచుమంటుంది కదా, హియరింగ్ ఎయిడ్‌లో మైకూ స్పీకరూ రెండూ ఒకే చెవి దగ్గర ఉంటాయి, ఆ కీచు రాకుండా చూడటం దీని పని. ఎక్కడైనా ఒకే స్వరం సాగుతూ వినబడితే, ఇదే కీచు అనుకుని, దానికి ఎదురు స్వరం పుట్టించి చంపేస్తుంది. మాటల్లో అంత పొడుగు స్వరం ఉండదు కాబట్టి గొడవ లేదు. పాటలో ఉంటుంది. దాన్ని చంపబోయి, చంపలేక, ఆ ఎదురు స్వరం కూడా పక్కనే వణుకుతూ మిగిలిపోతుంది.

ఇది మా వృత్తిలో తెలియని సంగతి కాదు. పియానో వాయించేవాళ్ళు వస్తే ముందే అడిగి, సంగీతానికి వేరే ప్రోగ్రాం పెట్టి పంపుతాం. వంటింట్లో పాడే భార్య ఉందా అని మాత్రం అడగమని మాకెవరూ చెప్పలేదు. మా పరీక్షలన్నీ మాటలతోనే. మనుషులు ఇళ్ళలో మాట్లాడుకుంటారని తప్ప, పాడుకుంటారని ఈ యంత్రాలు చేసేవాళ్ళకు తట్టినట్టు లేదు.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో సినిమా పాటలు నిషేధం. లోకపు పాటలు అనేవారు. అమ్మకేమో అవంటే ప్రాణం. గ్రైండర్ తిరుగుతున్నంతసేపూ ఆ చప్పుడు చాటున ప్రేమపాటలన్నీ పాడేది. గేటు చప్పుడై పాస్టరుగారి చెప్పులు వినబడితే, మధ్య లైనులోంచే, ఊపిరి కూడా తీసుకోకుండా, కీర్తనలోకి దూకేది. నాన్న పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాడు. ఆవిడ బాగా పాడేదా అని అడిగితే నాకు తెలియదు. పాడకపోతే ఇల్లు బాగుండేది కాదు, అంతే. నాన్న ఏనాడైనా చెవులు మూసుకుని ఉంటే అమ్మ ఏం చేసి ఉండేదో కూడా నాకు తెలుసు. టికెట్ కొనే స్తోమత లేదు కాబట్టి పుట్టింటికి బస్సెక్కేది.

ఒక ఎయిడ్ ఆయన చెవి నుంచి తీసుకుని, స్టెటోక్లిప్ పట్టుకుని పార్కింగ్ లాట్‌లోకి నడిచాను. స్టెటోక్లిప్ అంటే డాక్టర్ల స్టెతస్కోపు లాంటిదే. దాని కొసకు ఎయిడ్ తగిలిస్తే, ఎయిడ్ ఏం వినిపిస్తోందో మా చెవులతో మేం వినొచ్చు. సోనాగారు కారు వెనక సీట్లో తలుపు తెరిచిపెట్టుకుని కూర్చున్నారు. లేలా నా వెనకే వచ్చి మధ్యలో నిలబడి అనువాదం చేసింది.

"ఒక్కసారి పాడండి, నేను వినాలి."

"పాడను."

"నేను ఆయన కోసం అడగడం లేదు. నా మెషిన్ కోసం."

"మెషిన్‌కి ఆ సినిమా ఆవిడ ఉందిగా. ఆమెనే పాడమను. చెవిలో కూర్చోబెట్టుకున్నాడుగా."

బతిమాలితే లాభం లేదని అర్థమైంది. నేనైనా అంతే, బతిమాలితే ఇంకా బిగుసుకుంటాను. "సరే మరి," అన్నాను. "నిజం చెప్పాలంటే ఆవిడ మీకంటే బాగానే పాడి ఉంటుంది. సినిమాలో పాడిందంటే ఊరికే పాడనిస్తారా!"

లేలా నన్ను కొరకొరా చూసింది. "నేనిది ట్రాన్స్‌లేట్ చేయను."

"చెయ్యమ్మా. ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పింది. సోనాగారు కారు దిగారు. నాకంటే జానెడు పొట్టి. వేలు నా ముఖం ముందు ఆడిస్తూ ఏదేదో అన్నారు, అందులో లేలా నాకు చెప్పింది కొంతే. ఆ గాయని రెండో లైనులో ఊపిరి చాలక తొందరగా దిగిపోయిందట, దేశమంతా ఆ తప్పునే నేర్చుకుందట, తన మొగుడితో సహా. అసలు ఎలా ఉండాలో విను, అన్నారు. కరాటే క్లాసు ముందు, మండుటెండలో, చెయ్యి నడుం మీద పెట్టుకుని పాడారు.

ప్రతి లైను చివరా ఒక "ఆ" ఉంది. గొంతులో చిన్న వణుకుతో సాగి సాగి, మన గమకం లాంటిదే, ఎక్కడో మెత్తగా వాలుతుంది. ఎడమ చేత్తో ఎయిడ్ పట్టుకుని, స్టెటోక్లిప్ చెవుల్లో పెట్టుకుని నేను వింటున్నాను. ఆ "ఆ" దగ్గరికి వచ్చేసరికి రెండో ఆవిడ వచ్చింది. సన్నగా, కాస్త పక్కకు, గాజు మీద తడివేలు రాసినట్టు. నిజమే. ఇద్దరు. ఇద్దరిలో ఒక్కరూ సోనాగారు కాదు.

నేను నవ్వేశాను. అప్పుడు నవ్వకూడదని తెలుసు, ఆగలేదు. ఆవిడ మళ్ళీ కారెక్కబోతుంటే స్టెటోక్లిప్ తీసి ఆవిడ చెవుల్లోనే పెట్టి, ఎయిడ్ ఆవిడ నోటి ముందు పట్టుకున్నాను. "పాడండి."

అనుమానంగా ఒక్క లైను పాడారు. ఆగారు. మళ్ళీ పాడారు. కళ్ళు పెద్దవయ్యాయి. "ఎవరిది?" అన్నారు ఇంగ్లీషులోనే, చుట్టూ చూస్తూ. "హూ ఈజ్ దిస్ వుమన్?"

మేం లోపలికి వచ్చేసరికి రఫీక్ గారు ఒక చెవి ఎయిడ్‌తో, బిక్కముఖంతో కూర్చుని ఉన్నారు. సోనాగారు ఆయన ముందు నిలబడి ధారాళంగా దులిపేశారు. లేలా గోడకు ఆనుకుని, నవ్వుతో ఏడుపుతో తడబడుతూ చెప్పింది: "ఇంత ఘోరంగా వినబడుతుంటే మూడు రోజులు ఎలా ఓర్చుకున్నావయ్యా, నేనైతే మొదటి రోజే వాటిని పీకి పారేసేదాన్ని అంటోంది. ఇద్దరు పాడుతున్నారన్నప్పుడు, నా పక్కన ఎవరో ఉన్నారని చెప్పాలి గానీ, నా పాటే తప్పంటావా అంటోంది."

"చెప్పాను కదా!" ఆయన రెండు చేతులూ ఎత్తారు. "మెమరీ క్లినిక్ అన్నారు!"

ఆ అపాయింట్‌మెంట్ ఏమైందో నేను అడగలేదు.

ఇక నా పని. పాట కోసం వేరే ప్రోగ్రాం పెట్టి, అందులో ఫీడ్‌బ్యాక్ మేనేజర్‌ను ఆపేశాను. రెండో ఆవిడ మాయమైంది. సోనాగారు గది అవతలి నుంచి పాడితే ఆయన కదలకుండా విన్నారు. ఆవిడ సంతోషం పట్టలేక దగ్గరికి వచ్చి ఆయన తల మీదికి వంగగానే ఎయిడ్ కీచుమని అరిచింది. కాపలా తీసేస్తే అంతే మరి, చెవి దగ్గరికి ఏది వచ్చినా ఈల వేస్తుంది. మేనేజరు ఉంటే పాట పాడవుతుంది. లేకపోతే భార్య దగ్గరికి రాకూడదు.

"రెండింట్లో ఒకటే ఎంచుకోవాలా?" అని లేలా అడిగింది.

"అక్కర్లేదు. చెవికి అచ్చు తీసి మోల్డ్ చేయిస్తాను," అన్నాను. మోల్డ్ అంటే ఆ చెవి ఆకారానికి సరిగ్గా అతికే బిరడా. శబ్దం బయటికి కారదు కాబట్టి ఈల రాదు. కాకపోతే మనిషికి తన గొంతు తనకే డ్రమ్ములోంచి మాట్లాడినట్టు వినబడుతుంది. చాలామంది రెండు రోజులకే తీసి బల్ల మీద పెట్టేస్తారు. ఆ సంగతి దాచకుండా చెప్పాను.

రఫీక్ గారు వెంటనే జవాబిచ్చారు. "నా గొంతు ఎలా ఉంటే ఎవడికి కావాలి? నేను పాడనుగా."

మోల్డులు వచ్చాక పెట్టించుకోవడానికి ఇద్దరే లోపలికి వచ్చారు, లేలా కారులో ఉండిపోయింది. ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసి, చెవి పక్కనే పాడారు. ఈల రాలేదు. రెండో ఆవిడ రాలేదు. పాట అయ్యాక ఆయన తీరిగ్గా నా వైపు తిరిగి, రెండు వేళ్ళు చూపించి, తల అడ్డంగా ఊపారు. రెండో లైను తప్పు. సోనాగారు ఆయన భుజం మీద ఒక్కటిచ్చి, ఫ్లాస్కు మూత తిప్పి, ముగ్గురికీ టీ పోశారు. బాకూ ప్రయాణం వచ్చే ఏటికి వాయిదా పడింది, ఇద్దరి టికెట్లతో, తిరుగు ప్రయాణంతో సహా.

అప్పటి నుంచి కొత్తగా వచ్చిన ప్రతి పేషెంటునూ, టీవీ ఎంత పెద్దగా పెడతారని అడగడానికి ముందే, మీ ఇంట్లో ఎవరు పాడతారని అడుగుతున్నాను. కొందరు నవ్వుతారు. కొందరు కాసేపు ఆలోచించి, ఇప్పుడెవరూ పాడరండీ అంటారు. అప్పుడు ఎవరు పాడేవారో చెప్పడం మొదలుపెడతారు, నా తర్వాతి అపాయింట్‌మెంట్లన్నీ ఆలస్యమవుతాయి. ఫ్రంట్ డెస్క్ అమ్మాయి నన్ను తిట్టుకుంటుంది. తిట్టుకోనీ.

ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ కుటుంబం సంగతి రాయడానికి అనుమతి అడిగినప్పుడు రఫీక్ గారి పాత ఆడియోగ్రాం, అంటే ఎయిడ్లు పెట్టకముందు తీసిన వినికిడి గ్రాఫు, మళ్ళీ తీసి చూశాను. ఆ గ్రాఫు ఉన్న మనిషికి పక్క గదిలో కూనిరాగం వినబడదు. అది రాత్రికి రాత్రి వచ్చిన చెవుడు కూడా కాదు. ఎన్నో ఏళ్ళుగా ఆవిడ వంటింటి పాట ఆయన చెవిని చేరి ఉండకూడదు. కానీ ఆయన ఆ ఏళ్ళన్నీ ప్రతి ఉదయం రెండో లైను దగ్గర తప్పని కేక వేశారట. సరిగ్గా సమయానికి. సోనాగారు సాక్షి.

"మీకెలా వినబడేది?" అని ఫోన్‌లో అడిగాను.

"చక్కగా వినబడేది. నువ్వొచ్చి నా చెవులు బాగుచేసేదాకా చక్కగానే వినబడేది," అని ఆయన నన్నే తప్పుపట్టారు.

మా పుస్తకాల్లో దీనికో జవాబుంది. అలవాటైన శబ్దాన్ని మెదడే నింపుకుంటుందంటారు. నింపుకోవడానికైనా ముందు ఒక ముక్క చెవిలో పడాలి కదా అంటాను నేను. ఆవిడ టీ గిన్నె పెట్టే తీరు తలుపులోంచి చూసి లెక్క కట్టేవారా? వీపు కదలికను బట్టి చెప్పేవారా? కళ్ళతో విన్నారంటే ఒప్పుకుంటాను. కానీ లేలా కాన్పుకని సోనాగారు ఆయన్ని బాకూలో వదిలి ఒక్కరే అమెరికా వచ్చి, మూడు నెలలు ఉన్నారు. అప్పుడా వంటింట్లో టీ పెట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఆ ఉదయాల్లో కూడా ఆయనకు పాట వినబడేదా?